ఒట్టు తప్పాల్సిన చోటు

హాస్టల్లో ఒక విద్యార్థి కుంగిపోతున్న సంగతి మొదట పక్క మంచం మీద పడుకునేవాడికి తెలుస్తుంది. ఆదివారం ఇంటికి ఫోన్ చేసుకునే వరసలో వాడు నిలబడటం మానేస్తాడు. మెస్సులో కంచం ముందు కూర్చుని రెండు ముద్దలు కెలికి లేచిపోతాడు. స్టడీ అవర్లో పుస్తకం తెరిచి ఒకే పేజీ చూస్తూ గంట గడిపేస్తాడు. ఒకరోజు ఎవరినీ ముట్టుకోనివ్వని తన కాలిక్యులేటర్ తీసి, "నువ్వుంచుకోరా, నాకింక పనిలేదులే" అంటాడు. వార్డెన్ పట్టీలో వాడు హాజరయినట్టే ఉంటుంది. లెక్చరర్‌కు వాడు మార్కులు తగ్గిన ఒక రోల్ నంబరు. ఊళ్లో తల్లికి ఫోన్లో వినపడేది "బాగుండానమ్మా" అన్న ఒక్క మాటే. మన ఏర్పాట్లన్నీ మాత్రం ఇలా ఆఖరున తెలిసేవాళ్లను నమ్ముకునే సాగుతున్నాయి. యువత ఆత్మహత్యల నివారణలో తోటి విద్యార్థులు ఎంతవరకు ఆదుకోగలరు, ఏ షరతుల మీద ఆదుకోగలరు అన్న ప్రశ్నను ఉన్న ఆధారాలు ముందు పెట్టుకుని చూడాల్సిన అవసరం ఇక్కడే పుడుతోంది. నా వాదన ఇది: స్నేహితుడు మొదటి మెట్టు కాగలడు, కావాలి కూడా. కానీ ఆపైన ఇంకో మెట్టు లేకపోతే, స్నేహాన్నే బతకనివ్వని చదువుల పద్ధతి మారకపోతే, ఆ పనిని పిల్లల నెత్తిన పెట్టడం అన్యాయం.

ముందు సమస్య ఎంతటిదో చూద్దాం. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారు. వారిలో 13,044 మంది విద్యార్థులు. పరీక్ష తప్పడమే నేరుగా కారణమైన మరణాలు వీటిలో 2,248 అని సుప్రీంకోర్టు తన తీర్పులో ఉదహరించింది. అంటే దాదాపు ఆరింట ఒకటి. మనం ఏప్రిల్‌లో ఫలితాలొచ్చిన వారం మాత్రమే ఉలిక్కిపడతాం. ఆరింట మిగతా అయిదు మరణాలు ఏడాది పొడవునా జరుగుతూనే ఉంటాయి. ఇంట్లో గొడవలు, అప్పులు, ప్రేమ వ్యవహారాలు, కులం పేరుతో అవమానాలు, ఎవరూ గుర్తించని డిప్రెషన్, ఇవన్నీ వాటి వెనక కలగలిసి ఉంటాయి. ఒక్క కారణంతోనే చనిపోవడం అరుదు. ప్రపంచవ్యాప్తంగా 15 నుంచి 29 ఏళ్ల వయసువారి మరణాలకు మూడో అతి పెద్ద కారణం ఆత్మహత్యేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇన్ని కారణాలున్న సమస్యకు పరీక్షల సంస్కరణ ఒక్కటే మందు కాదు. ఆ కారణాలన్నీ మనసులో మోస్తున్న పిల్లవాడి పక్కన రోజంతా ఎవరుంటున్నారన్నది చూడాలి.

పుట్టపర్తి చుట్టుపక్కల ఈ ప్రశ్నకు ప్రత్యేకమైన బరువుంది. 2022 ఏప్రిల్ 4న శ్రీ సత్యసాయి జిల్లాకు కేంద్రమైన ఈ ఊరు కరువు సీమ నడిబొడ్డున ఉంది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన, అదీ నమ్మకం లేని వాన. వేరుశనగ పోయిన ఏడాది ఇంటికి తాళం పడుతుంది. తల్లిదండ్రులు కూలికి బెంగళూరుకో, కేరళకో పోతే పిల్లలు అవ్వాతాతల దగ్గరో, గురుకులంలోనో, కస్తూర్బా విద్యాలయంలోనో మిగిలిపోతారు. కొంచెం తాహతున్నవాళ్లు పొలం మీద అప్పు తెచ్చి అనంతపురం, తిరుపతి, విజయవాడ కార్పొరేట్ కాలేజీల్లో చేరుస్తారు. రెండు చోట్లా పిల్లలు ఇంటికి దూరమే. తన ఫీజు కోసం నాయన ఎవరి దగ్గర ఎంత వడ్డీకి తెచ్చాడో తెలిసిన పిల్లవాడు "చదవలేకపోతున్నా" అని ఇంటికి ఎట్లా చెబుతాడు? 1990ల చివరి నుంచి ఈ నేల మీద రైతుల ఆత్మహత్యలు జరుగుతూ వచ్చాయి. అలాంటి మరణం చూసిన ఇళ్ల పిల్లలూ ఈ తరగతి గదుల్లోనే ఉన్నారు. దగ్గరివాళ్లను అలా పోగొట్టుకున్నవారికి ముప్పు ఎక్కువని ఆత్మహత్యల మీద జరిగిన పరిశోధనలు అంటున్నాయి. దేశంలోకెల్లా పేరున్న మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్ ఇక్కడికి 150 కిలోమీటర్ల దూరంలోనే, బెంగళూరులో ఉంది. కూలి మానుకుని అక్కడిదాకా పిల్లవాణ్ని తీసుకెళ్లే స్తోమత ఎన్ని ఇళ్లకుంది? మనసుకు జబ్బు చేస్తుందన్న మాటే ఒప్పుకోని ఇళ్లు ఎన్ని? కనక ఈ ప్రాంతపు పిల్లవాడికి రాత్రి పదిన్నరకు దొరికే మనిషి రూమ్మేటే.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదనలేం, కమిటీలు వేశాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కార్పొరేట్ జూనియర్ కాలేజీల పరిస్థితి మీద 2001లో నీరదారెడ్డి కమిటీ, 2017లో ఆంధ్రప్రదేశ్‌లో చక్రపాణి కమిటీ. అయినా మరణాలు ఆగలేదు. 2019 ఏప్రిల్ 18న వచ్చిన తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో తప్పులు దొర్లాయి. తెలుగులో 99 మార్కులు వచ్చిన అమ్మాయికి సున్నా వేసిన ఉదంతం అందరికీ గుర్తుండే ఉంటుంది. ఆ తర్వాతి రోజుల్లో ఇరవై మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. 2023 ఏప్రిల్ 26న ఆంధ్రప్రదేశ్ ఫలితాలు వచ్చిన రెండు రోజుల్లో తొమ్మిది మంది చనిపోయారని పత్రికలు రాశాయి. అదే ఏడాది జులైలో విశాఖపట్నంలో నీట్‌కు చదువుతున్న 17 ఏళ్ల అమ్మాయి మరణించింది. ఆమె తండ్రి సుప్రీంకోర్టు దాకా వెళ్లి పోరాడితే 2025 జులై 25న సుక్‌దేబ్ సాహా కేసులో జస్టిస్ విక్రమ్ నాథ్, జస్టిస్ సందీప్ మెహతా దర్యాప్తును సీబీఐకి అప్పగించడంతోపాటు దేశమంతటికీ వర్తించే 15 మార్గదర్శకాలిచ్చారు. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో కనీసం ఒక అర్హత గల కౌన్సెలర్ ఉండాలి. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టళ్లలో కనపడేలా పెట్టాలి. వీలైనంతవరకు మార్కులను బట్టి బ్యాచ్‌లు విడదీయకూడదు, నలుగురిలో అవమానించకూడదు. చట్టం వచ్చేదాకా ఇవే చట్టమని కోర్టు అంది. వీటిలో బ్యాచ్‌లు విడదీయొద్దన్న మాటను చాలామంది చిన్న విషయంగా చూశారు. నా దృష్టిలో స్నేహాలను కాపాడేది అదే. దాని సంగతికి మళ్లీ వస్తాను.

తోటివాళ్ల చేయూత ఫలితమిస్తుందనడానికి ఆధారం ఏమిటి? ఈ విషయంలో యూరప్‌లో జరిగిన ఒక పెద్ద ప్రయోగాన్ని కాస్త వివరంగా చూడాలి. పది దేశాలు, 168 బడులు, 11,110 మంది విద్యార్థులు, సగటున 15 ఏళ్ల వయసు. 2015లో లాన్సెట్ పత్రికలో ఫలితాలు వచ్చాయి. బడులను లాటరీ పద్ధతిలో నాలుగు గుంపులు చేశారు. ఒకచోట ముప్పులో ఉన్న పిల్లలను గుర్తించడం ఎట్లాగో ఉపాధ్యాయులకు నేర్పారు. ఇంకోచోట ప్రశ్నపత్రాలతో పరీక్షించి ముప్పున్నవారిని వైద్యుల దగ్గరికి పంపారు. మూడోచోట పిల్లలతోనే పని చేశారు. నాలుగు వారాల్లో మొత్తం అయిదు గంటలు. కుంగుబాటు అంటే ఏమిటి, స్నేహితుడు ఆపదలో ఉంటే ఏం చేయాలి అన్నవి ఉపన్యాసంగా చెప్పి ఊరుకోకుండా పిల్లల చేతనే నాటికలుగా వేయించారు, మాట్లాడించారు. నాలుగో గుంపు బడుల్లో గోడ మీద పోస్టర్లు అంటించి వదిలేశారు. ఏడాది తర్వాత చూస్తే, అంతకుముందు ఎప్పుడూ ఆత్మహత్యాయత్నం చేయని పిల్లల్లో పోస్టర్ల గుంపు నుంచి 34 మంది కొత్తగా ఆ ప్రయత్నం చేశారు. పిల్లలతో పనిచేసిన గుంపులో 14 మందే. ఉపాధ్యాయుల శిక్షణ, ప్రశ్నపత్రాల పరీక్ష మాత్రం చెప్పుకోదగ్గ తేడా తీసుకురాలేదు. మన దేశంలో పాఠశాల ఆరోగ్య కార్యక్రమం ఇప్పటికీ ప్రతి బడిలో ఇద్దరు ఉపాధ్యాయులను ఆరోగ్య రాయబారులుగా నియమించడం మీదే ప్రధానంగా ఆధారపడి ఉంది. ఈ ఫలితం చదివాక దానిమీద పునరాలోచన తప్పదనిపిస్తుంది.

యూరప్ సంగతి మనకెట్లా వర్తిస్తుందని అడగవచ్చు. బిహార్‌లోని నలంద జిల్లాలో సెహర్ అనే ప్రయోగం జరిగింది. 2018లో అదీ లాన్సెట్‌లోనే వచ్చింది. ఒకే కార్యక్రమాన్ని కొన్ని బడుల్లో ఉపాధ్యాయులు నడిపారు, కొన్నింటిలో మానసిక వైద్యంలో డిగ్రీలేవీ లేకుండా శిక్షణ మాత్రమే పొందిన 'మిత్ర'లు నడిపారు. మిత్రలున్న బడుల్లో వాతావరణం మెరుగైంది, కుంగుబాటూ, ఒకరినొకరు ఏడిపించడమూ తగ్గాయి. ఉపాధ్యాయులు నడిపిన చోట మార్పే లేదు. దీనర్థం ఉపాధ్యాయులు చెడ్డవాళ్లని కాదు. సిలబస్, ఇన్విజిలేషన్, ఎన్నికల డ్యూటీ నెత్తిన పెట్టుకుని, మార్కులు వేసే చేతితోనే మనసు విప్పించడం ఎవరికైనా కష్టం. డిగ్రీ లేని మనిషి మానసిక ఆరోగ్యంలో అక్కరకొస్తాడన్న సంగతి మన పొరుగునే ఎప్పుడో రుజువైంది. 1980ల మధ్యలో నిమ్‌హాన్స్ బళ్లారి జిల్లాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వైద్యులకూ, కార్యకర్తలకూ మానసిక జబ్బులు గుర్తించడం నేర్పి చూసింది. అనంతపురం సరిహద్దు దాటితే బళ్లారే. ఆ అనుభవమే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమమై, క్రమంగా దేశమంతా పాకింది. అమెరికాలో 18 ఉన్నత పాఠశాలల్లో తోటి విద్యార్థులను నాయకులుగా తీర్చిన కార్యక్రమాన్ని 2010లో పరిశీలించారు. పెద్ద బడుల్లో శిక్షణ పొందిన పిల్లలు ప్రమాదంలో ఉన్న స్నేహితుణ్ని పెద్దల దగ్గరికి తీసుకెళ్లడం నాలుగింతలైంది. నేను అడిగే పని సరిగ్గా ఇదే. స్నేహితుడు వైద్యం చేయనక్కర్లేదు, తీసుకెళ్తే చాలు.

అయితే తీసుకెళ్లేముందు అడగాలి. మన కుర్రకారుకు ఒక అలవాటుంది. ఎవడైనా దిగులుగా ఉంటే భుజం మీద చరిచి "లైట్ తీస్కో మచ్చా" అనేస్తారు. ప్రేమతోనే అంటారు. కానీ ఆ మాటతో అవతలివాడి నోరు మూసుకుపోతుంది. "ఏంరా, నాల్రోజుల్నుంచి సరిగా తినడంల్యా. ఏమైందో చెప్పు, నేను యాడికీ పోను" అనడం వేరు. చెప్పింది విన్నాక, అనుమానం ఉంటే సూటిగా "సచ్చిపోదామనిపిస్తా ఉందా?" అని అడగాలి. ఇక్కడే పెద్దలు అభ్యంతరం చెబుతారు, లేని ఆలోచన పుట్టించినట్టు అవుతుందని. ఈ భయం సహజమే, కానీ నిజం కాదు. న్యూయార్క్ రాష్ట్రంలో ఆరు ఉన్నత పాఠశాలల్లో 2,342 మంది విద్యార్థులతో జరిపిన అధ్యయనం 2005లో వెలువడింది. సగంమందిని ఆత్మహత్య గురించి అడిగారు, సగంమందిని అడగలేదు. అడిగినందువల్ల ఆ ఆలోచనలు పెరగలేదు. అప్పటికే కుంగుబాటుతో ఉన్నవారిలో కాస్త ఊరట కూడా కనిపించింది. అడగడం వేరు, పద్ధతులు వర్ణిస్తూ మాట్లాడటం వేరు. రెండోది ప్రమాదమే. వియన్నా మెట్రోలో జరిగే ఆత్మహత్యల వార్తలను 1987 నుంచి పత్రికలు సంయమనంతో రాయడం మొదలుపెట్టాక అవి గణనీయంగా తగ్గాయి. మన ఛానెళ్లు ఫలితాల వారంలో చేసే పని దీనికి పూర్తి వ్యతిరేకం.

అడిగాక అసలైన చిక్కు మొదలవుతుంది. "నీకొక్కడికే చెబుతాండా. నా మీద ఒట్టు, ఎవరికీ చెప్పొద్దు." ఒట్టు తప్పితే ఎవరిమీద పెట్టామో వాళ్లకే కీడు జరుగుతుందన్న నమ్మకం మన ఇళ్లలో ఉగ్గుపాలతో వస్తుంది. అందుకే ఎందరో మంచి స్నేహితులు మాటకు కట్టుబడి, రాత్రంతా మేలుకుని కాపలా కాసి, తెల్లారి ఎవరికీ చెప్పక ఊరుకుంటారు. శిక్షణలో మిగతావన్నీ మరచిపోయినా ఫర్వాలేదు, ఒక్కటి మాత్రం పిల్లలకు నేర్పి తీరాలి: ప్రాణానికి సంబంధించిన విషయంలో ఒట్టు చెల్లదు. ముందే చెప్పేయాలి, "ఏదైనా దాచుకుంటాను గానీ, నీ ప్రాణం సంగతి మాత్రం దాచను" అని. అప్పుడది నమ్మకద్రోహం కాదు. ఆ తర్వాత అతణ్ని ఒంటరిగా వదలకుండా, ప్రమాదకరమైనవి దగ్గర లేకుండా చూసి, నమ్మకమున్న ఒక పెద్ద మనిషిని పిలవాలి. ఎవరూ దొరక్కపోతే ఇద్దరూ కలిసి టెలిమానస్ నంబరు 14416కు ఫోన్ చేయవచ్చు. 2022 అక్టోబరు 10న మొదలైన ఈ ఉచిత సేవ రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. ప్రయత్నం చేసినవాడి మీద పోలీసు కేసవుతుందన్న భయంతో దాచేవాళ్లూ ఉన్నారు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షను ప్రకారం అతను తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడని భావించి ఆదుకోవాలే తప్ప శిక్షించకూడదు. ఈ సంగతి మన హాస్టళ్లలో ఎవరూ చెప్పడం లేదు.

ఇంత బరువు పదహారేళ్ల పిల్లల మీద పెట్టవచ్చా అన్నది అన్నిటికన్నా గట్టి అభ్యంతరం. దీన్ని తేలిగ్గా తోసిపుచ్చలేను. తమకే పరీక్షలు, తమకే దిగులు ఉన్నవాళ్లు ఇంకొకరి ప్రాణాన్ని కనిపెట్టుకుని ఉండాలంటే కుంగిపోతారు. పొరపాటున ఆ మిత్రుడు దక్కకపోతే జీవితాంతం తమను తామే నిందించుకుంటారు. అయితే ఒక్క సంగతి గమనించాలి. మనం శిక్షణ ఇచ్చినా ఇవ్వకపోయినా ఆ బరువు ఇప్పటికే వాళ్ల మీద ఉంది. కుంగిపోయిన పిల్లవాడు చెప్పుకునేది స్నేహితుడికే. తెలియని చేతుల్లో ఆ మాట పడితే ఇద్దరూ ఇరుక్కుంటారు. శిక్షణ ఆ బరువును పెంచదు, దింపుకునే దారి చూపిస్తుంది. కాకపోతే హద్దులు గట్టిగా గీయాలి. ఏ విద్యార్థీ ఒంటరిగా ఈ పని చేయకూడదు, ఇద్దరేసి ఉండాలి. రాత్రి కాపలా వాళ్ల బాధ్యత కాదు. సంగతి పెద్దలకు చెప్పిన క్షణంతో వాళ్ల పని ముగిసినట్టు లెక్క. వాళ్లకూ పదిహేను రోజులకొకసారి కౌన్సెలర్ దగ్గర కూర్చునే సమయం ఉండాలి. ఎంత జాగ్రత్తపడ్డా మరణం జరిగితే, "నీకు ముందే తెలియదా?" అన్న ప్రశ్న రూమ్మేటును ఎవరూ అడగకూడదు. మన కాలేజీల్లో అలాంటప్పుడు చేసే మొదటి పని ఆ గదికి తాళం వేసి మిగతావాళ్లను ఇళ్లకు పంపడం. ఆ వారంలో అందరికన్నా ముప్పులో ఉండేది ఆ గదిలోని పిల్లలే. వాళ్లను ఒంటరిగా బస్సెక్కించడం ఘోరమైన తప్పు.

కౌన్సెలర్ జీతం మిగుల్చుకోవడానికి యాజమాన్యాలు ఈ పేరు చెప్పి తప్పించుకుంటాయన్న అనుమానం కూడా సరైనదే. 2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం, జబ్బును బట్టి, వైద్యం అవసరమైనా అందనివారు 70 నుంచి 92 శాతం దాకా ఉన్నారు. తోటి విద్యార్థుల బృందాలు బాగా పనిచేస్తే మొదట జరిగేది కౌన్సెలర్ గది ముందు వరస పెరగడం. ఆ గదిలో మనిషే లేకపోతే పిల్లవాడు రెండోసారి నోరు విప్పడు. హైదరాబాద్ ఐఐటీలో సన్‌షైన్ పేరుతో ఉన్న విభాగంలో సీనియర్లు కొత్త విద్యార్థులకు తోడుంటారు, వారి వెనక వృత్తి నిపుణులైన కౌన్సెలర్లు ఉంటారు. ఆ వెనక ఉండటమే ముఖ్యం.

ఇక బ్యాచ్‌ల సంగతి. కార్పొరేట్ రెసిడెన్షియల్ కాలేజీలో తెల్లవారుజామున లేచిన దగ్గర్నుంచి రాత్రి స్టడీ అవర్ దాకా ఖాళీ ఉండదు. వారాంతపు పరీక్ష రాయగానే ర్యాంకులు గోడకెక్కుతాయి. ర్యాంకు మారితే సెక్షన్ మారుతుంది, సెక్షన్‌తోపాటు కొన్నిచోట్ల గదీ మారుతుంది. నెల కిందటి స్నేహితుడు ఇప్పుడు పై సెక్షన్లో ఉంటాడు, వాడితో మాట్లాడితే టైం వేస్టంటారు. ఇలాంటిచోట ఒకడు తినడం మానేశాడని గమనించేంత కాలం ఎవరైనా ఎవరి పక్కనైనా ఉంటారా? పక్కవాణ్ని మించితేనే విలువ అని రోజూ చెప్పి, నెలకొక గంట 'స్నేహితుణ్ని ఆదుకో' అని క్లాసు పెడితే పిల్లలు దేన్ని నమ్ముతారు? బ్యాచ్‌లను విడదీయకూడదన్న కోర్టు మాట అందుకే అంత విలువైనది. పుట్టపర్తిలో 1981 నుంచి ఉన్న శ్రీ సత్యసాయి ఉన్నత విద్యా సంస్థ చదువుకు ఫీజు తీసుకోకుండా, హాస్టల్లో ఉంచి చదివిస్తుంది. అప్పు అనే భారం లేకుండా రెసిడెన్షియల్ చదువు సాధ్యమేనని అది చూపిస్తుంది. ఊరి పేరు చెబితే జనానికి గుర్తొచ్చే సేవ అన్నది దూరపు పల్లెలకు, ఆసుపత్రి రోగులకు ఎంత వర్తిస్తుందో పక్క మంచానికీ అంతే వర్తిస్తుంది.

స్నేహానికి సాధ్యం కానిదీ ఉంది. 2016 జనవరి 17న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల మరణించేనాటికి ఆయన ఒంటరివాడు కాదు. ఆయనతోపాటు హాస్టల్ నుంచి వెలి వేసిన నలుగురు సహచరులూ 'వెలివాడ' అని పేరు పెట్టుకున్న గుడారంలో ఆయన వెంటే ఉన్నారు. అంత సంఘీభావం ఉన్నా, అవమానం సంస్థ నుంచే వస్తున్నప్పుడు మిత్రుల ఆదరణ సరిపోలేదు. వివక్షకు జవాబు న్యాయం. దాని బదులు కౌన్సెలింగ్ ఇవ్వబోవడం బాధితుడి మనసులోనే లోపముందని చెప్పడం అవుతుంది. ఉన్నత విద్యాసంస్థల్లో ఆత్మహత్యల మీద 2025 మార్చిలో సుప్రీంకోర్టు తన మాజీ న్యాయమూర్తి జస్టిస్ రవీంద్ర భట్ నాయకత్వంలో నియమించిన జాతీయ కార్యదళం ఈ తేడాను కచ్చితంగా గుర్తించాలి.

చేయాల్సిన పని జిల్లా స్థాయిలో మొదలు పెట్టడానికి ఇప్పుడు అధికారం ఉంది. మార్గదర్శకాల అమలును చూడటానికి కలెక్టర్ అధ్యక్షతన జిల్లా కమిటీ ఉండాలని కోర్టు చెప్పింది. పుట్టపర్తి కలెక్టరేట్‌లో కూర్చునే ఆ కమిటీలో విద్య, ఆరోగ్య శాఖల అధికారులతోపాటు ఇంటర్, డిగ్రీ విద్యార్థులకూ చోటివ్వాలి, అందులో అమ్మాయిలు తప్పనిసరిగా ఉండాలి. ఏ కాలేజీలో కౌన్సెలర్ పేరు బోర్డు మీద మాత్రమే ఉందో, ఏ హాస్టల్లో రాత్రిపూట తలుపు కొడితే వార్డెన్ తీస్తాడో అధికారుల తనిఖీలో బయటపడదు, పిల్లలను అడిగితే తెలుస్తుంది. ఫలితాలకు ముందే ప్రతి కాలేజీలో ఒక పూట కూర్చోబెట్టి, అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ రాస్తే ఏడాది పోదని, రీవెరిఫికేషన్ ఎట్లా పెట్టుకోవాలో, ఫలితం చూసేటప్పుడు ఎవరి పక్కన ఎవరుండాలో మాట్లాడుకోనివ్వాలి. వలస వెళ్లిన తల్లిదండ్రుల ఫోన్ నంబర్లు ఆ రోజుకు సిద్ధంగా ఉంచుకోవాలి. ఇంటర్ ఫలితాలు ఏప్రిల్‌లో వస్తున్నాయి. కనక ఆ కమిటీ విద్యార్థులతో కలిసి కూర్చునే మొదటి సమావేశం ఫిబ్రవరి దాటకుండా జరగాలి.